తలసేమియా మైనర్ దంపతులకు జన్యు కౌన్సెలింగ్: "మీరే చెప్పండమ్మా" అంటే ఏం చెప్పాలి?

జిల్లా_కౌన్సెలర్ | బుధవారం, ఉదయం 9:40

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా ఆసుపత్రిలో గర్భిణులకు, వారి కుటుంబాలకు జన్యు కౌన్సెలింగ్ చేస్తాను. కిందటి వారం జరిగిన ఒక సంగతి మనసును వదలడం లేదు కనుక, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి మీ ముందు పెడుతున్నాను.

మేనరికం చేసుకున్న దంపతులు వచ్చారు. ఆమెకు పదో వారం నడుస్తోంది. ఇద్దరికీ బీటా తలసేమియా మైనర్ (రక్తహీనత కలిగించే వంశపారంపర్య లోపమున్న జన్యువు ఒకటే ఉండడం, అది జబ్బు కాదు) అని హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్షలో తేలింది. కాగితం మీద నాలుగు గళ్లు గీసి, బిడ్డకు తలసేమియా మేజర్, అంటే తరచూ రక్తం ఎక్కించవలసిన జబ్బు, వచ్చే అవకాశం 25 శాతమనీ, తల్లిదండ్రుల్లాగే మైనర్‌గా ఉండే అవకాశం 50 శాతమనీ, ఏ లోపమూ రాని అవకాశం 25 శాతమనీ అరగంటసేపు వివరించాను. అంతా శ్రద్ధగా విన్న భర్త ముఖం తేటపడింది. "అయితే నలుగురిలో ఒక్కరికే కదండీ. మాకు ఇద్దరు చాలు, నాలుగో కాన్పు దాకా పోము" అన్నాడు. భార్య తల ఎత్తలేదు. వెంట వచ్చిన అత్తగారు, ఆమె ఈ అమ్మాయికి మేనత్త కూడా, నా చేయి పట్టుకుని, "చదువుకున్నదానివి, నువ్వే చెప్పమ్మా, ఉంచుకోమంటావా, తీయించుకోమంటావా? నీ మాటే మా మాట" అన్నారు.

నేను చెప్పిన అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు, అయినా వారికి అర్థమైనది తప్పు. అంకెలు అప్పజెప్పడం వేరు, నిర్ణయం తీసుకోగల స్థితికి మనిషిని చేర్చడం వేరు అని ఆ రోజు నాకు బాగా తెలిసివచ్చింది. ఇలాంటి చోట మీరు ఏం చేస్తారో, ఏం చేసి ఫలితం చూశారో దయచేసి రాయండి. ఆ దంపతులు వచ్చే మంగళవారం మళ్లీ వస్తారు.

జన్యువైద్యం_హైదరాబాద్ | బుధవారం, మధ్యాహ్నం 1:15

కౌన్సెలర్ గారూ, "నలుగురిలో ఒకరు" అనే మాటను నేను పూర్తిగా మానుకున్నాను. మన ఇళ్లలో నలుగురు అనగానే నలుగురు పిల్లలే కళ్లముందు నిలుస్తారు. మొదటి బిడ్డకు మేజర్ వచ్చిన ఇంట్లో "ఇక మిగతా ముగ్గురికీ భయం లేదు" అని ధైర్యం చెప్పుకోవడం నేను ఎన్నోసార్లు విన్నాను, ఆ ధైర్యంతోనే రెండో కాన్పులో పరీక్షకు రాని వారిని కూడా చూశాను.

గళ్ల బొమ్మకు బదులు నేను రెండు రూపాయి నాణేలు వాడతాను. ఒకటి భర్త చేతిలో, ఒకటి భార్య చేతిలో పెడతాను. బొమ్మ పడితే బాగున్న జన్యువు, బొరుసు పడితే లోపమున్న జన్యువు బిడ్డకు చేరినట్టు. ఇద్దరినీ ఒకేసారి ఎగరవేయమంటాను. రెండు బొరుసులు పడితే మేజర్, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు అయితే మైనర్, రెండూ బొమ్మలైతే ఏ లోపమూ లేదు. బల్ల మీద పది పన్నెండు సార్లు వేయిస్తాను. ఒకసారి ఒక జంటకు వరుసగా మూడుసార్లు రెండు బొరుసులే పడ్డాయి. ఆ భర్త నాణెం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి కిందటిసారి ఏం పడిందో గుర్తుండదు కదా సార్" అన్నాడు. నేను చెప్పదలచిన మాట అదే, కానీ ఆయన నోటి నుంచి వచ్చింది కనుక ఆయనకు నిలిచిపోయింది.

ఈ ఆటలో మరొక మేలుంది. అమ్మాయి నాణెం ఒక్కటే బొరుసు పడితే జబ్బు రాదని అత్తగారు కళ్లారా చూస్తారు. "మా కోడలి రక్తంలో దోషముంది" అనే నింద అక్కడికక్కడే బలహీనపడుతుంది. మేనరికంలో ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో అదే లోపం ఇద్దరికీ దిగి ఉండే అవకాశం ఎక్కువ కనుక, అది ఇంటి ఉమ్మడి ఆస్తిలాంటిదని కూడా చెబుతాను.

చివరగా, "అర్థమైందా?" అని ఎప్పుడూ అడగవద్దు. ఆ ప్రశ్నకు మన దగ్గర మర్యాదైన జవాబు ఒక్కటే, "అర్థమైందండీ" అని. "ఇంటికి వెళ్లాక మీ అమ్మగారు అడిగితే ఏమని చెబుతారు?" అని అడగండి. ఆమె మాటల్లో ఎక్కడ తడబాటు వస్తుందో, మీరు తిరిగి చెప్పవలసింది అక్కడే.

రక్తపరీక్షల_గది | బుధవారం, సాయంత్రం 6:05

కౌన్సెలింగ్ గదిలోకి వెళ్లే ముందే కాగితం సరైనదో కాదో చూడాలి కనుక రెండు మాటలు చెబుతాను. హెచ్‌బీఏ2 అనే హీమోగ్లోబిన్ రకం 3.5 శాతం దాటితే మైనర్‌గా అనుమానిస్తాం. అయితే ఐరన్ లోపం బాగా ఉన్న గర్భిణిలో ఆ అంకె తగ్గి కనిపించవచ్చు, అంచు మీద ఉన్న ఫలితాన్ని "నార్మల్" అని రాసి పంపేస్తే దంపతులు తప్పుడు నిశ్చింతతో ఇంటికి పోతారు. మరొకటి, భార్యకు తలసేమియా మైనర్, భర్త సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) క్యారియర్, అంటే ఆ లోపమున్న జన్యువు ఒకటే ఉన్నవాడు, అయినా ప్రమాదం ఉంది. పేర్లు వేరు కనుక ఫరవాలేదని వదిలేయకూడదు, బిడ్డకు రెండూ కలిస్తే సికిల్ బీటా తలసేమియా వస్తుంది.

సమయం సంగతి కూడా చూడండి. మావి నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్ పరీక్ష 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు, ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు దాటాక చేస్తారు. వాటికంటే ముందు తల్లిదండ్రులిద్దరి డీఎన్‌ఏలో లోపం ఎక్కడుందో తెలిసి ఉండాలి, లేకపోతే బిడ్డలో దేనికోసం వెదకాలో మాకు తెలియదు. పదో వారంలో ఉన్నామంటే వారి ఆలోచనకు మిగిలిన రోజులు తక్కువ. తల్లిదండ్రుల నమూనాలు వెంటనే పంపితే, ల్యాబులో పని నడుస్తుండగా ఇంట్లో ఆలోచన కూడా నడుస్తుంది. నమూనా ఇచ్చినంత మాత్రాన సీవీఎస్‌కు ఒప్పుకున్నట్టు కాదని మాత్రం స్పష్టంగా చెప్పండి.

పల్లె_వైద్యం | బుధవారం, రాత్రి 9:30

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 20 ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఇక్కడ అందరూ ఒప్పుకున్నట్టు కనబడుతున్న ఒక మాటతో నాకు పేచీ ఉంది. "నిర్ణయం మీదే, మేము సమాచారం మాత్రమే ఇస్తాం" అనే పద్ధతి పుస్తకాల్లో అందంగా ఉంటుంది. మా ఊరి మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేది దారి చూపమని. భయంతో వణుకుతున్న కుటుంబాన్ని నాలుగు దారుల కూడలిలో నిలబెట్టి "నీ ఇష్టం" అని వెళ్లిపోవడం గౌరవమా, చేతులు దులుపుకోవడమా? రక్తం కోసం మూడు వారాలకోసారి 80 కిలోమీటర్లు బస్సులో ప్రయాణించే పిల్లలను నేను చూశాను. తెలిసిన మాట చెప్పకుండా దాచడం నాకు తప్పనిపిస్తుంది.

జన్యువైద్యం_హైదరాబాద్ | గురువారం, ఉదయం 7:50

డాక్టరు గారూ, మీ బాధ నిజమైనది, మీరు అడిగిన ప్రశ్న ఈ చర్చకు గుండెకాయ వంటిది. "నీ ఇష్టం" అని వదిలేయడాన్ని నేనూ సమర్థించను. కానీ దారి చూపడానికీ గమ్యం నిర్ణయించడానికీ మధ్య గీత ఉంది.

జన్యు కౌన్సెలింగ్ అనే మాటను 1947లో అమెరికాలో షెల్డన్ రీడ్ వాడుకలోకి తెచ్చారు. అంతకు 20 ఏళ్ల ముందు, 1927లో, బక్ వర్సెస్ బెల్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు "పనికిరాని సంతానం పుట్టకూడదు" అనే పేరిట వర్జీనియా రాష్ట్రం ఒక యువతికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని సమర్థించింది. ఎవరు పుట్టాలో చదువుకున్నవారు నిర్ణయిస్తే ఏమవుతుందో చూసిన తరువాతే, సలహా ఇచ్చేవారు తమ ఇష్టాన్ని రుద్దకూడదనే నియమం మా వృత్తిలో స్థిరపడింది. అది పుస్తకాల అందం కోసం పుట్టిన నియమం కాదు.

"మీరైతే ఏం చేస్తారు?" అని అడిగినప్పుడు నేను మౌనంగా ఉండను. "మా ఇంటికి ఆసుపత్రి దగ్గర, నాకు జీతం ఉంది, మా అమ్మ తోడుంది, కనుక నా జవాబు మీకు సరిపోదు. కానీ మీ జవాబు వెదకడానికి మీ పక్కన కూర్చుంటాను" అంటాను. తరువాత కొన్ని ప్రశ్నలు అడుగుతాను. మీకు అన్నిటికంటే ఎక్కువ భయం వేస్తున్నది ఏది? ఫలితం మేజర్ అని వస్తే మీ మనసు ఎటు పోతుందనుకుంటున్నారు? ఏది వచ్చినా ఉంచుకుంటాం అని మీరు ముందే అనుకుంటే, వందలో ఒకటి లేదా అంతకంటే తక్కువే అయినా గర్భం పోయే ప్రమాదమున్న పరీక్ష ఇప్పుడు కావాలా, లేక పుట్టాక బిడ్డకే పరీక్ష చేయిద్దామా? చాలామంది రెండే దారులున్నాయనుకుని వస్తారు. పరీక్ష వద్దనుకోవడం కూడా తెలిసి తీసుకున్న నిర్ణయమే కావచ్చునని ఎవరూ వారికి చెప్పి ఉండరు.

మీ 80 కిలోమీటర్ల మాట తప్పక చెప్పండి. అది సమాచారమే. "కనుక తీయించుకోండి" అనేది మాత్రం మీది కాదు.

తల్లి_నల్గొండ | గురువారం, మధ్యాహ్నం 2:20

పెద్దలు మాట్లాడుకుంటున్న చోట నేను రాయవచ్చునో లేదో తెలియదు కానీ, ఆ బల్లకు ఇవతలి వైపు కూర్చున్నదానిని కనుక రాస్తున్నాను. మా పెద్దవాడికి తలసేమియా మేజర్. వాడికి ఎనిమిదో నెలలో తెలిసింది. ఇప్పుడు పన్నెండేళ్లు. ప్రతి మూడు వారాలకు రక్తం, ఒంట్లో పేరుకునే ఐరన్ దిగడానికి రోజూ పరగడుపున మాత్ర. ఆ మాత్రను గ్లాసులో నీళ్లు పోసి కరిగించి, అడుగున మిగిలిన పొడికి మళ్లీ కొంచెం నీళ్లు కలిపి తాగిస్తాను. బడికి వెళతాడు, క్రికెట్ ఆడతాడు. రక్తం ఎక్కించే తేదీ దగ్గర పడిన రోజుల్లో మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుంటాడు.

రెండోసారి గర్భం వచ్చినప్పుడు ఒక ఆసుపత్రిలో ఇంగ్లీషులో ఉన్న అంగీకార పత్రం నా ముందు పెట్టి సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించారు. నేను పదో తరగతి చదివాను, తెలుగులో రాసి ఉంటే ప్రతి అక్షరం చదివేదానిని. ఏమిటని అడిగితే "మామూలు పరీక్షేనమ్మా, అందరూ చేయించుకుంటారు" అన్నారు. గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉందనే సంగతి సూది తీశాక పక్క మంచం ఆవిడ చెబితే తెలిసింది. ముందే తెలిసినా నేను ఆ పరీక్ష చేయించుకునేదానినే. కానీ చేయించుకున్నది నేను కాదు, నాకు చేశారు. ఆ తేడా ఇన్నేళ్లయినా పోలేదు.

ఫలితం మైనర్ అని వచ్చింది. "మైనర్ అంటే చిన్న జబ్బా?" అని మా అత్తగారు రెండేళ్లు అడుగుతూనే ఉన్నారు, పాపకు జలుబు చేసినా అదేనేమోనని భయపడేవారు. మైనర్ అంటే జబ్బు కాదని, రక్తం ఎక్కించనవసరం లేదని, పాప పెళ్లి వయసుకు వచ్చినప్పుడు మాత్రం ఆ కాగితం కావాలని ఆమె ముందు కూర్చోబెట్టి ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది.

న్యాయమార్గం | గురువారం, సాయంత్రం 5:45

అమ్మా, మీకు జరిగినది చట్టప్రకారం కూడా తప్పు. 1994 నాటి గర్భస్థ పిండ లింగ నిర్ధారణ నిరోధక చట్టాన్ని మనం ఆడపిల్లల సంగతిలోనే తలుచుకుంటాం. కానీ జన్యు లోపాల కోసం చేసే ఇటువంటి గర్భస్థ పరీక్షలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. అయిదో సెక్షన్ ప్రకారం పరీక్ష వల్ల తెలిసిన దుష్ఫలితాలన్నీ గర్భిణికి వివరించాలి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, ఆ పత్రం ప్రతి ఒకటి ఆమెకు ఇవ్వాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా అంగీకారం సక్రమమైనది కాదు.

గర్భస్రావం చట్టం గురించి కూడా గదిలో అపోహలు లేకుండా చూడాలి. 2021 సవరణ తరువాత 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. పిండంలో తీవ్రమైన లోపం వంటి నిర్దేశిత సందర్భాల్లో 20 నుంచి 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. 24 వారాలు దాటితే, పిండ లోపం కారణంగా అయితే, అది గణనీయమైనదని మెడికల్ బోర్డు నిర్ధారించినప్పుడే వీలవుతుంది. వీటన్నిటిలోనూ 18 ఏళ్లు నిండిన స్త్రీ అంగీకారమే చట్టానికి కావాలి. భర్త సంతకం, అత్తగారి సమ్మతి చట్టం అడగదు. "నీ మాటే మా మాట" అన్న పెద్దావిడ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఆ మాటలో తల వంచుకుని కూర్చున్న అమ్మాయి మాట ఎక్కడుంది?

ఇరవై_ఒకటో_రోజు | శుక్రవారం, ఉదయం 11:10

నేను ఇక్కడ పేరుగా పెట్టుకున్న అంకె నాకు రక్తం ఎక్కించే రోజు. నాకు తలసేమియా మేజర్, వయసు 27, ఉద్యోగం చేస్తున్నాను. పరీక్షలకు నేను వ్యతిరేకిని కాదు. మా అక్క పెళ్లికి ముందు మా బావగారి చేత హెచ్‌పీఎల్‌సీ చేయించమని పట్టుబట్టింది నేనే.

నేను అడిగేది మాటల గురించి. చిన్నప్పుడు రక్తం ఎక్కించే వార్డులో ఒకరు ఒక గర్భిణిని మా మంచాల మధ్య నుంచి నడిపించుకుంటూ తీసుకువచ్చి, "చూడమ్మా, ఇలా అవుతుంది" అన్నారు. ఆమె నా కళ్లలోకి చూసి వెంటనే చూపు తిప్పుకుంది. ఆ తరువాత చాలా కాలం, నన్ను చూసిన వారు ఏ నిర్ణయానికి వస్తారో అనే ఆలోచన నన్ను వెంటాడింది. నేను హెచ్చరిక బోర్డును కాదు. ఆ దంపతులకు మాలాంటి వారి జీవితం తెలియాలంటే, వారూ మేమూ ఇద్దరమూ ఒప్పుకున్నాక, కుర్చీలు వేసుకుని కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేయండి. సూదుల గురించీ చెబుతాను, గుండె పరీక్షకు వెళ్లే ముందు రాత్రి పట్టని నిద్ర గురించీ చెబుతాను, మొదటి జీతంతో అమ్మకు కొన్న చీర గురించీ చెబుతాను. విన్నాక వారు ఏ నిర్ణయం తీసుకున్నా నాకు కోపం రాదు.

తలసేమియా, సికిల్ సెల్, హీమోఫిలియా 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉన్నాయనీ, తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ (కణజాల రకం) సరిపోతే మూలుగ మార్పిడికి వీలుందనీ, అలా సరిపోయే అవకాశం ఒక్కొక్క తోబుట్టువుతో నాలుగో వంతేననీ, ఇవి కూడా చెప్పాకే వారిని నిర్ణయం అడగండి. భయం ఒక్కటే చెప్పినా, ఆశ ఒక్కటే చెప్పినా అది సగం సమాచారమే.

పల్లె_వైద్యం | శుక్రవారం, రాత్రి 10:05

తమ్ముడూ, నీ మాటలు రెండుసార్లు చదివాను. అలా వార్డు చూపించిన వారిలో నేనూ ఉన్నాను. మంచికేనని అనుకున్నాను. ఇక ఆ పని చేయను. నా మొదటి వాదనలో ఒక భాగం మాత్రం ఇంకా నిలిచే ఉందనుకుంటున్నాను. కుటుంబం నిర్ణయం తీసుకున్నాక, అది ఏదైనా సరే, రక్తనిధి చిరునామా నుంచి బస్సు పాసు దాకా వెంట ఉండే మనిషి ఒకరు కావాలి. కౌన్సెలింగ్ ఆ గదిలో మొదలై ఆ గదిలోనే ముగిసిపోతే మా ఊరికి దానివల్ల ఉపయోగం తక్కువ.

జిల్లా_కౌన్సెలర్ | మరుసటి బుధవారం, ఉదయం 8:30

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ దంపతులు వచ్చారు. మొదట ముగ్గురినీ కూర్చోబెట్టి నాణేలు వేయించాను. పెద్దావిడ కూడా తీసుకుని వేశారు, తన నాణెం బొరుసు పడినప్పుడు కోడలి వైపు చూసి ఏదో అనబోయి ఆగిపోయారు. తరువాత "బీపీ చూడాలి" అని అమ్మాయిని లోపలి గదికి తీసుకువెళ్లాను. నిజంగానే బీపీ చూశాను. "ఇంటికి వెళ్లి మీ అమ్మకు ఫోన్ చేస్తే ఏం చెబుతావు?" అని అడిగాను. ఆమె నోరు విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పాక పరీక్షలో ఉన్న ప్రమాదం, ఫలితం ఎన్ని రోజులకు వస్తుంది, వచ్చాక ఏమేమి చేయవచ్చు, అన్నీ వరుసగా చెప్పింది. ఒక్కచోట తడబడింది, మైనర్ బిడ్డకు రక్తం ఎక్కించాలనుకుంటోంది. అది సరిచేశాను. ఆ తరువాత తన మనసులో ఉన్నది చెప్పింది. చివరి నిర్ణయం మాత్రం ఇంటికి వెళ్లి మొదట భర్తతో మాట్లాడి, రెండు రోజుల తరువాత నాకు చెబుతానంది. ఆమె నిర్ణయం ఏదైనా ఇక్కడ రాయను, అది ఆమెది.

అంగీకార పత్రాన్ని తెలుగులో రాసి మా వైద్యాధికారికి ఇచ్చాను. పరిశీలిస్తున్నారు.

మరొక సాయం కావాలి. వచ్చే వారం ఒక కోయ గర్భిణి వస్తోంది, భార్యాభర్తలిద్దరికీ సికిల్ సెల్ ట్రెయిట్ ఉంది, అంటే ఇద్దరూ క్యారియర్లే. ఆమెకు తెలుగు కొద్దిగానే వచ్చట, భర్తకు బాగా వచ్చు.

ఆశా_భద్రాచలం | మరుసటి బుధవారం, మధ్యాహ్నం 12:40

మేడమ్, భర్త చేత చెప్పించవద్దు. అతను తనకు ఇష్టమైనది చెబుతాడు, మిగిలినది మింగేస్తాడు, నేను చాలాసార్లు చూశాను. మా ఊర్లలో 2023 నుంచి సికిల్ సెల్ మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు కానీ, కార్డు ట్రంకు పెట్టెలో దాచుకున్న వారే ఎక్కువ, అందులో ఏముందో తెలిసినవారు తక్కువ. నాకు కోయ భాష వచ్చు, మా అమ్మ భాష అదే. ఏ రోజు, ఎన్ని గంటలకో చెప్పండి, వస్తాను. ఆ నాణేల ఆట ముందుగా నాకు ఒకసారి ఫోన్‌లో చూపించండి, కోయలో చెప్పి చూసుకుంటాను, తప్పు చెప్పకూడదు కదా.

జిల్లా_కౌన్సెలర్ | మరుసటి బుధవారం, మధ్యాహ్నం 12:55

వచ్చే వారం గురువారం, ఉదయం 10 గంటలకు. ఈ రాత్రి ఎనిమిదికి వీడియో కాల్ చేస్తాను. రెండు రూపాయి నాణేలు దగ్గర పెట్టుకోండి.